పరగడుపున రండి

ట్రెడ్‌మిల్ ఆగలేదు. దాని మీద పరుగెత్తుతున్న మనిషే ఆగిపోయాడు.

పక్క మెషీన్ మీదున్నావిడ ఇయర్‌ఫోన్స్ తీసి చూసేసరికి రాడార్ స్టేషన్ చీఫ్ బోర్లా పడి ఉన్నాడు. బెల్టు అతని బుగ్గని రాసుకుంటూ తిరుగుతూనే ఉంది. ట్రైనర్ తాపీగా వచ్చి స్విచ్ ఆపి, నాడి చూసి, అందరూ మంచినీళ్లు తాగండని సలహా ఇచ్చాడు. పోయినవాడికి పొట్ట లేదు, సిగరెట్ అలవాటు లేదు. అయినా గుండెపోటు అని రాసేశారు. ఆ జిమ్‌లో ఆ ఏడాది అది మూడో గుండెపోటు. ముగ్గురూ రక్షణశాఖ వాళ్లే కావడం ఎవరికీ వింతగా అనిపించలేదు, ఒక్క గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి తప్ప.

"ముగ్గురినీ చంపారు," అన్నాడు బాస్. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, వయసుకి కాదు, భయానికి.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని ఆఫీసులో పిల్లి అంటారు. నడిస్తే చప్పుడు వినపడదు. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం ఎదుగూ బొదుగూ లేని ఇన్సూరెన్స్ గుమాస్తా.

డిపార్ట్‌మెంట్ డాక్టర్ విషయం విడమరిచి చెప్పాడు. కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్ అక్కడే తయారవుతుంది. బయటి నుంచి రోజూ స్టెరాయిడ్ పోస్తుంటే ఆ గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. ఆ జిమ్‌లో అమ్మే రికవరీ పౌడర్‌లో ఉన్నది అదే. తాగినన్నాళ్లూ మనిషి గుర్రంలా ఉంటాడు. ఒకరోజు అచ్చం అలాంటి డబ్బానే ఇస్తారు, మందు లేకుండా. రెండు మూడు రోజులాగి, గట్టిగా చెమట పట్టించిన పూట మనిషి కూలిపోతాడు.

"గ్రంథులు పడుకున్నాయని వాళ్లకెలా తెలుస్తుంది?" అని అడిగాడు పిల్లి.

"జిమ్ పక్కనే ల్యాబ్ ఉంది. రోజూ వ్యాయామం చేసేవాళ్లకి నెలనెలా హార్మోన్ బ్లడ్ టెస్ట్. కాయ పండిందా లేదా అని నొక్కి చూసుకుంటున్నారు, అంతే."

ఆ ల్యాబ్ నడిపే డాక్టరమ్మ మన మనిషే, కోడ్ నేమ్ నెమలి. విదేశీ ముఠా గుట్టు మనకి చేరవేయడానికి పెట్టుకున్నాం. ఆవిడ పంపే కబురు ఎప్పుడూ నిజమే, కాకపోతే ఎప్పుడూ శవం లేచాకే వచ్చేది. రెండు చోట్లా జీతం తీసుకుంటోందని పెద్దాయనకి అర్థం కావడానికి మూడు శవాలు పట్టింది.

"తర్వాత ఎవరు?"

పెద్దాయన ఒక ఫొటో ముందుకి తోశాడు. రక్షణశాఖ రహస్య సంకేతాలు చూసే సైఫర్ సెక్షన్ హెడ్. పిల్లికి సొంత అక్క మొగుడు.

"మీ బావ పోతే ఆ కుర్చీలోకి వచ్చే డిప్యూటీని వాళ్లు ఎప్పుడో కొనేశారు. దేశం తాళాలన్నీ చేతికిచ్చినట్టే."

"బావకి ఒక్కమాట చెప్తాను."

"చెప్పినా, డిప్యూటీని ముట్టుకున్నా నెమలి ఎగిరిపోతుంది. కోర్టుకి సాక్ష్యం లేదు, ఆవిడ మన జీతం తింటున్న మనిషి. అందుకని ఆవిడ మందు ఆవిడకే పోస్తున్నావు." పెద్దాయన ఒక ఉంగరం, ఒక వాచీ, ఒక ఇంజెక్షన్ బల్ల మీద పెట్టాడు. "పడిపోయిన మనిషిని లేపేది ఈ ఇంజెక్షన్. మీ బావ కోసం. ఒక్కటే ఇస్తున్నాను, నీకు జాలి ఎక్కువని విన్నాను."

మర్నాడే పిల్లి బావమరిది హోదాలో జిమ్‌లో చేరాడు. అక్క తెగ సంబరపడింది. ఆ జిమ్‌లో చేరాక బావకి పొట్ట తగ్గిందనీ, అది ఆ పౌడర్ మహిమేననీ, నువ్వూ తాగరాదా అనీ ఫోన్‌లో ఒకటే పోరు. పిల్లి ఊఁ కొట్టాడు. అక్క పెంచిన పిల్లాడతను.

ల్యాబ్‌లో నెమలి నిజంగా నెమలిలాగే ఉంది. జుట్టు నడుము దాటి ఉంది. రబ్బరు పట్టీ బిగిస్తూ కోడ్ మాట అడిగింది.

"పరగడుపునే వచ్చారా?"

"రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్లే."

చిరునవ్వు నవ్వి, సూది దించి, నడిపించేదంతా ట్రైనరేనని రహస్యంగా చెప్పింది. తర్వాత అందరినీ అడిగే ప్రశ్న అతన్నీ అడిగింది. జుట్టుకి బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? టెస్ట్‌కి మూడు రోజుల ముందే మానేయాలి, లేకపోతే మెషీన్ మోసపోతుంది, లేని కార్టిసాల్‌ని ఉన్నట్టు చూపిస్తుంది.

అదే మాత్రల సీసా ఆవిడ బల్ల మీదే ఉంది. చెబుతూ చెబుతూనే ఒకటి నోట్లో వేసుకుంది. పిల్లి అది చూసి చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

రెండు నెలలు గడిచాయి. నెమలి రోజూ పొద్దున్నే తనూ బరువులెత్తి, ఒక గ్లాసు షేక్ తాగేది. పిల్లి ఉంగరంలోని స్టెరాయిడ్ పొడి రోజూ అందులో పడేది. అనుమానం ఆవిడ వృత్తి కనుక తన రక్తం తనే తీసుకుని నెలనెలా చూసుకునేది. అన్నీ నార్మల్. ఊరందరికీ చెప్పే జాగ్రత్త తన జడ దగ్గరికి వచ్చేసరికి గుర్తుండేది కాదు.

రోజూ బావ డబ్బాలోని పొడిని పిల్లి వాచీ పట్టీకి అద్దేవాడు. మందుంటే పట్టీ నీలంగా మారుతుంది. ఒక గురువారం తెల్లగానే ఉండిపోయింది.

పెద్దాయన ఫోన్‌లో రెండే ముక్కలు చెప్పాడు. ఆవిడకీ ఈరోజే ఆపెయ్. మీ బావని అంటిపెట్టుకుని ఉండు.

శనివారం పొద్దున పిల్లి వెళ్లేసరికి బావ జిమ్‌లో లేడు. ట్రైనరూ లేడు. బావ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తేవాళ్లు లేరు. పిల్లి ల్యాబ్‌లోకి పరుగెత్తాడు.

నెమలి నేల మీద గోడకి చేరగిలబడి ఉంది. పక్కనే వాంతి. మోచేతి మడతలో దూది అంటుకుని ఉంది. నీరసంగా ఉందని తన రక్తం తనే తీసి మెషీన్‌లో పెట్టుకుంది పాపం. అతని ఉంగరం వంక చూసింది, తర్వాత మొహంలోకి చూసింది. డాక్టరు కదా, ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలు. బావ ఎక్కడ?"

"నీ దగ్గర ఇంజెక్షన్ ఉంటుంది. ముందు అది వెయ్యి."

పిల్లి ఇంజెక్షన్ తీసి చూపించాడు. "ముందు చోటు చెప్పు."

ఆవిడ పెదవులు తడుపుకుంది. బతకాలన్న ఆశ ఆ కళ్లల్లో ఎంత స్పష్టంగా ఉందంటే, పిల్లి చూపు తిప్పుకున్నాడు. పాత స్టేడియం, తూర్పు గ్యాలరీ మెట్లు అంది. పిల్లి ఇంజెక్షన్ మళ్లీ జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇంకోటి ఉంది కదా?" అంది.

"లేదమ్మా. ఒక్కటే."

బల్ల మీదున్న ఆవిడ ఫోన్ కూడా తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం లేదు.

స్టేడియం మెట్ల మీద బావ నాలుగు కాళ్ల మీద పాకుతున్నాడు. పైమెట్టు మీద ట్రైనర్ స్టాప్‌వాచ్ పట్టుకుని, శభాష్ సార్, ఇంకొక్క రౌండ్ సార్ అంటున్నాడు. వెనక అడుగుల చప్పుడు అతనికి వినపడలేదు. ఒక్క తోపుకి అన్ని మెట్లూ దొర్లి, అడుగున మెడ వంకర పెట్టుకుని ఆగాడు. స్టాప్‌వాచ్ అతనికంటే ముందే కిందికి చేరింది.

బావ కళ్లు తేలేశాడు. నాడి దొరకడం లేదు. పిల్లి సూదిని ట్రాక్ ప్యాంటు మీంచే తొడలోకి దించాడు. రెండు నెలల్నుంచీ ఈ మనిషిని ఎరగా వేలాడదీసింది తనేనని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు. అంబులెన్స్ సైరన్ వినిపించే వేళకి బావ పెదవులు కదిలాయి.

"ఏం బామ్మర్దీ, నీకు ఇంజెక్షన్లు చేయడం ఎప్పుడొచ్చింది?"

"ఇన్సూరెన్స్ వాళ్లకి అన్నీ రావాలి బావా. పడుకో."

పిల్లి ల్యాబ్‌కి తిరిగొచ్చేసరికి డిపార్ట్‌మెంట్ మనుషులు స్ట్రెచర్ మీద దుప్పటి కప్పుతున్నారు. జడ ఒక్కటే పక్కకి వేలాడుతోంది. పెద్దాయన గుమ్మంలో నిలబడి, డిప్యూటీని కుర్చీలోంచే లేపుకొచ్చారనీ, ఇక్కడ మాత్రం గుండెపోటు అని రాయమన్నాననీ చెప్పాడు.

మూలనున్న మెషీన్ కూతపెట్టి ఒక కాగితం బయటికి తోసింది. పొద్దున ఆవిడ పెట్టుకున్న రక్తం తాలూకు రిపోర్ట్. పిల్లి తీసి చదివాడు.

కార్టిసాల్: నార్మల్. ఆరోగ్యం భేషుగ్గా ఉంది. వ్యాయామం కొనసాగించండి.