సున్నా కొలిచిన చేయి

2079లో విశాఖలో పెళ్లిచూపులకు వెళ్తే ముందు జీతం సంగతి ఎవరూ ఎత్తరు. గుమ్మం పైకి చూసి, "మీది ఎన్నేళ్ల ఫలకం?" అని అడుగుతారు.

అదంతా 'కావలి' గాజు మహిమ! ఆడవాళ్ల మీద హింసను అంతం చేస్తామని ప్రభుత్వం పదకొండేళ్ల కిందట ప్రతి ఆడమనిషి చేతికీ ఉచితంగా తొడిగిన గాజు అది. లోపల 'భయసూచి' అనే సెన్సర్ ఉంటుంది. గుండె వేగం, ఊపిరి, చెమట, చుట్టూ వినిపించే గొంతుల తీవ్రత అన్నీ కొలుస్తుంది. భయం గీత దాటిందా, గాజు ఎర్రబడుతుంది, నాలుగు నిమిషాల్లో పోలీసు డ్రోన్ కిటికీ ముందు వాలుతుంది. నోరు విప్పి ఫిర్యాదు చేయక్కర్లేదు. ఏడాదంతా గాజు పచ్చగా ఉన్న ఇంటికి 'ప్రశాంత గృహం' అని ఇత్తడి ఫలకం ఇస్తారు.

భయసూచిని కనిపెట్టింది డాక్టర్ వాగ్దేవి. భయం సున్నా ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి మొట్టమొదటి గాజు తన చేతికే తొడుక్కుంది. ఆమె గుమ్మం మీదా పదకొండేళ్ల ఫలకం ఉంది.

రేపు ప్రభుత్వం 'హింస సున్నా' అని ప్రకటించబోతోంది. ఈ మధ్యాహ్నం మాత్రం ఆమె సహాయకురాలు రుక్సానా పరిగెత్తుకొచ్చి ఆసుపత్రి వీడియో కాల్ కలిపింది. తెర మీద పైడిరాజు అనే ఆవిడ ఉంది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ చేతికున్న గాజు మాత్రం పచ్చగానే వెలుగుతోంది.

"మెట్ల మీంచి జారిపోనానండి," అంది పైడిరాజు.

"నిజం చెప్పమ్మా. గాజు ఎందుకు ఎర్రబడలేదు?"

"ఎర్రబడనిస్తామేటండీ? మాది తొమ్మిదేళ్ల ఫలకం! పెళ్లికి ముందే మాయమ్మ నేర్పింది. ఆయన గొంతు లేవగానే నాలుగు లెక్కెట్టి ఊపిరి తియ్యాల, ఆరు లెక్కెట్టి వదలాల. గుండె రాయైపోద్ది. నా పేరు మాత్రం రాయకండమ్మా, మీ కాళ్లట్టుకుంటాను."

వాగ్దేవికి అప్పుడు అర్థమైంది. ప్రశాంతతకు ఫలకం ఇస్తే జనం ప్రశాంతతను నేర్చుకున్నారు, హింసను వదల్లేదు.

"కావలీ," అని గాజులన్నిటినీ నడిపే యంత్రాన్ని పిలిచింది. "భయపడ్డవాళ్లని కాదు. ఇంట్లో గొంతు లేచిన క్షణంలోనే ఊపిరి నాలుగు, ఆరు లెక్కలోకి మారిపోయినవాళ్లని వెతుకు."

"జిల్లాలో నాలుగు లక్షల పన్నెండు వేల మంది."

"యా అల్లా!" రుక్సానా కుర్చీలో కూలబడింది. "మేడమ్, రేపటి ప్రకటన ఆపించాలి. జాబితా పేర్లతో సహా ప్రభుత్వానికి పంపేద్దాం. అప్పుడే ప్రతి ఇంటికీ మనుషులు వెళ్తారు."

"పంపు కావలీ."

"పంపేముందు ఒక మాట. ఈ గదిలో ఉన్నవారి పేరొకటి జాబితాలో ఉంది."

రుక్సానా తన గాజు చూసుకుని పకపకా నవ్వింది. "నాకింకా పెళ్లే కాలేదురా బాబూ!" ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"డాక్టర్ వాగ్దేవి," అంది యంత్రం. "మొదటి రోజు నుంచీ. నా సున్నా మీ చేతి మీద కొలిచిందే."

"తప్పు. మా ఆయన కొంచెం గట్టిగా మాట్లాడతారు, అంతే."

అప్పుడే ఫోన్ మోగింది. "కింద ఉన్నా. ఎంతసేపు?" అంది మగ గొంతు. ఆ రెండు మాటలే, కాల్ కట్.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాగ్దేవి ఛాతీ మెల్లగా పైకి లేచింది. ఆమెకు తెలియకుండానే. రుక్సానా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఊపిరి దిగేసరికి ఆరు.

"మేడమ్, వెళ్లకండి. ప్లీజ్."

వాగ్దేవి బ్యాగు భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"కావలీ, జాబితా పంపెయ్. నా పేరొక్కటి తీసెయ్."

"కారణం?"

"మాది పదకొండేళ్ల ఫలకం."

ఆమె చేతి గాజు పచ్చగా వెలుగుతూనే ఉంది.