అడవి తెర కింద ఆకాశం

ఆదివారం ప్రార్థన ముగించుకుని, వేడి రొట్టెల సంచితో గోడెలీవ్ ఇంటికొచ్చేసరికి కూతురు లీస్‌బెట్ అప్పటికే కాఫీ కాచి ఉంచింది.

"ఏం కావాలే? ఇంత మర్యాద చేస్తున్నావు!"

"అమ్మా, నీ అడవి తెర కడగనిస్తావా?"

గోడెలీవ్ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. గెంట్ పట్టణపు నాటకశాలలో ముప్పై ఏళ్లు తెరలకు రంగులు వేసిన మనిషి ఆమె. నాటకం మారితే అదే తెర మీద, పాత బొమ్మ పైనే కొత్త బొమ్మ వేయడం అక్కడి పద్ధతి. అలా ఆమె పనంతా పోగా మిగిలింది ఆ అడవి ఒక్కటే. దాని అడుగున, ఎప్పుడో పోయిన అమాండ్ అనే చిత్రకారుడి బొమ్మ ఉంది. కళాచరిత్ర చదువుతున్న లీస్‌బెట్ పరిశోధన ఆయన మీదే. తెర వేసినామె ఒప్పుకుంటే కడుక్కోవచ్చని నాటకశాల వాళ్లు అన్నారట.

"ఆయనది నూనె రంగు, నిలుస్తుందమ్మా. నీది జిగురు రంగు..."

"నీళ్లకు కరిగిపోతుంది. నాకు తెలీదా? రెండేళ్లుగా ఈ ఇంట్లో లేస్తే అమాండ్, పడుకుంటే అమాండ్. 'ఆయన మబ్బులు చూడమ్మా' అంటావు. నా చెట్ల వంక ఏనాడైనా చూశావా?"

"వాటిని చూస్తూనే పెరిగానుగా."

"అందుకే కంటికి ఆనలేదు. మీ చరిత్రలో పోయినవాళ్లకేనా చోటు? బతికున్నందుకు నాకు శిక్షా?"

"ఆయన మీద రంగు పూసింది నువ్వే కదమ్మా!"

గోడెలీవ్ రొట్టెల సంచి బల్ల మీద పెట్టింది. పోయిన మనిషి మీద ఈ అసూయ తీసేయమని పొద్దున్నే దేవుణ్ణి వేడుకుంది. ఆ దేవుడు వినలేదా, తనే వదలడం లేదా?

"కడుక్కో," అంది చివరికి. "ఎడమ మూల మాత్రం నేనే కడుగుతాను."

మర్నాడు నాటకశాలలోని రంగుల శాలలో నేల మీద తెర పరిచారు. ఇద్దరూ చెప్పులు విప్పి దాని మీదికి నడిచారు. లీస్‌బెట్ పైనుంచి మొదలుపెట్టింది. అమాండ్ ఆకాశం బయటపడింది. అలాంటి నీలం గోడెలీవ్ ఏనాడూ కలపలేదు. ఎడమ మూల మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డ ఎత్తి, మళ్లీ బకెట్‌లో వేసేసింది.

"ఏమైందమ్మా?"

"ఈ ఆకు... నీ పాదమే. నాలుగేళ్లప్పుడు తడి రంగు తొక్కేశావు. అందరూ చెరిపేయమన్నారు. నేను ఈనెలు గీసి ఆకు చేశాను."

లీస్‌బెట్ అక్కడే కూలబడి ఆకు మీద అరచెయ్యి పెట్టింది. కళ్లు ధారలు కట్టాయి.

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావే? అమాండ్ గారితోనే నీకు సరిపోయె!"

ఏడుపులోనే నవ్వొచ్చింది లీస్‌బెట్‌కి. నీళ్ల బకెట్ దూరంగా జరిపింది. "ఇక చాలమ్మా. కడగను."

గోడెలీవ్ తల ఎత్తి తెరంతా చూసింది. ఆ నీలం కింద తన చెట్లు మునుపెన్నడూ లేనంత పచ్చగా ఉన్నాయి.

"చెట్ల కొనల దాకా కడిగెయ్. ఆకాశం ఆయనకిచ్చేద్దాం," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేల మాత్రం మనది."