మూడు గడులు పైకి

లెక్కల మాస్టారు ఏగిల్ స్కార్‌స్టెయిన్‌ను ఉదయం ఎనిమిదింటికి, బెర్గెన్ ట్రాములో ఎవరో కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన తుపాకీ. పక్క సీటు పెద్దాయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడు.

పదింటికల్లా, చనిపోయిన మనిషి కోటులో దొరికిన గ్రాఫ్ కాగితం గూఢచారి విభాగం అధిపతి ఆస్ట్రుప్ బల్ల మీదికొచ్చింది. ఎదురుగా ఏజెంట్ హల్వార్ నిలబడ్డాడు.

"వీడు విదేశీ ముఠా మనిషేనోయ్. పన్నెండింటికి ఎక్కడో బాంబు పేలుతుందని కబురొచ్చింది. ఎక్కడన్నది ఇందులోనే ఉంది."

కాగితం మీద రెండే సమీకరణాలు: y = 2x + 1, y = –x + 10. హల్వార్ సిగరెట్ డబ్బా మూతలో దాచిన గళ్ళ పారదర్శక సెల్యులాయిడ్ రేకు తీసి నగర పటం మీద పరిచాడు. గడికి కిలోమీటరు. ఒక గీత పైకెక్కింది, రెండోది కిందికి దిగింది. అడ్డంగా మూడు, నిలువుగా ఏడు దగ్గర ఖండించుకున్నాయి.

"ఫెర్రీ రేవు!" ఆస్ట్రుప్ ఫోనందుకున్నాడు. "మనవాళ్ళందరినీ అక్కడికే పంపుతున్నా."

ఇంత తేలిగ్గా రాస్తారా? హల్వార్‌కు మనసొప్పలేదు. రబ్బరు ఏప్రాన్ కట్టుకుని, కూలీ వేషంలో చేపల బజారుకు వెళ్ళాడు. అక్కడ బొచ్చుకోటులో ఒక అందగత్తె చేపలు బేరమాడుతోంది. పేరు డాగ్నీ. ముఠాలో ఉంటూనే ఇటూ కబుర్లు మోస్తోంది.

"ఈ కాడ్ చేప నిన్నటిదా?"

"మొన్నటిది." సంకేతం సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఎక్కే గీతని మూడు గడులు పైకి జరుపు. వాలు మార్చకు. రెండోదాన్ని అసలు ముట్టుకోకు. అది బయటపెడతాడనే మాస్టార్ని చంపారు. ఇక నన్నూ వదలరు. సాయంత్రానికి స్వీడన్‌కు దాటిస్తావా?"

అతను పక్క కొట్టునుంచి ఫోన్ చేశాడు. "బాంబు దొరికితే దాటిస్తానని మాటివ్వు," అన్నాడు ఆస్ట్రుప్. "రేవునుంచి మాత్రం ఒక్కణ్ణీ కదపను."

"మాటిస్తున్నా," అన్నాడు హల్వార్ ఆమెతో.

అక్కడే గీత జరిపి చూశాడు. y = 2x + 4. అడ్డంగా రెండు, నిలువుగా ఎనిమిది. రైలు వంతెన! రేవుకు కిలోమీటరున్నర దూరం. ఇద్దరూ వానలో పరిగెత్తారు. వంతెన కింద దూలానికి కట్టిన పెట్టెలో గడియారం కొట్టుకుంటోంది. పన్నెండుకు నిమిషం తక్కువ. రైలు కూత.

"నీలం తీగె!" అరిచింది డాగ్నీ.

"నమ్మమంటావా?"

"నేనూ ఇక్కడే నిలబడ్డాను కదా!"

తెంచాడు. గడియారం ఆగింది. నెత్తిమీద రైలు దడదడలాడుతూ వెళ్ళిపోయింది. ఆమె బురదలో కూలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది.

హల్వార్ కబురంపిన పావుగంటకు ఆస్ట్రుప్ కారొచ్చింది. అతని మనుషులు ఆమె చేతులకు బేడీలు వేశారు.

"సార్, మాటిచ్చాం!"

"నువ్విచ్చావు. వాళ్ళ దగ్గర మన మనిషొకడు చిక్కాడు. రేపు సరిహద్దులో ఈమెతో మార్పిడి."

డాగ్నీ హల్వార్ ముఖంలోకి ఒక్కసారి చూసి కారెక్కింది. ఆ చూపుకు అతను తల దించుకున్నాడు.

"నీకు పతకం వస్తుందోయ్," భుజం తట్టాడు ఆస్ట్రుప్.

"ఆమెకివ్వండి."

"శత్రువులకి పతకాలెలా ఇస్తాం?"

"నిజమే సార్. ఇవ్వాల్సినవాళ్ళని ఇలా అప్పగించేస్తుంటే, నాలాంటివాళ్ళకి బోలెడు మిగులుతాయి."