జెండాకి అస్తరు

రేవు వెనక సందులో ఒక టైలరు షాపు ఉండేదట. దాని టైలర్ని ఊరినేలే దొరలు గోడకి నిలబెట్టి కాల్చేశారు. అప్పట్నించి పగలు తాళం, రాత్రి కుట్టుమిషను చప్పుడు. చీకటి పడితే ఆ సందులో కుక్క కూడా అడుగు పెట్టేది కాదంటారు... కుక్క సంగతేమో గానీ, పోలీసులు మాత్రం పెట్టేవాళ్ళు కాదు.

పెట్టకూడదనే కదా ఆ దెయ్యాన్ని పుట్టించింది!

పుట్టించినవాడు పోయినాయన బావమరిదే. అదే షాపులో గుడ్డ కత్తిరించేవాడు. నవ్వినా సణిగినట్టే ఉంటాడని అందరూ అతన్ని సణుగుడు అనేవాళ్ళు. స్వతంత్రం కోసం పోరాడేవాళ్ళకి రాత్రిళ్ళు కూడుకోడానికి చోటు కావాలి. అందుకని దెయ్యం కబురు ఊరంతా చల్లాడు. మొదట తెల్లచీర ఆడదెయ్యమన్నాడట. టైలరు మగాడు కదయ్యా అని ఎవరో గుర్తు చేస్తే, మిషను చప్పుడుకి మార్చుకున్నాడు. ఆ చప్పుడు నిజంగా విన్నవాళ్ళు లేరు. విన్నామని చెప్పుకున్నవాళ్ళే.

ఇంతలో కొత్త దొరలు కబురు పంపారు. పాత దొరలకి బద్ధశత్రువులు. ఓడల్లో వస్తాం, తుపాకులిస్తాం, కానీ మేం దిగే పొద్దున రేవంతా మా జెండాలే ఎగరాలి, మీ జెండా సంగతి తర్వాత చూద్దాం అన్నారట.

సణుగుడికి ఒళ్ళు మండింది. అవతలి తీరంలో కొత్త దొరల ఘనకార్యాలు, పారిపోయి వచ్చినవాళ్ళ వీపుల మీద కళ్ళారా చూశాడు. కొరడా మారితే వీపుకి ఒరిగేదేమిటని వాదించాడు.

అక్క ఒప్పుకోలేదు. పోయిన టైలరు ఆమె మొగుడు.

"ఇల్లు కాలుతుంటే నీళ్ళు ఎవరి బావివని అడుగుతామా?" అంది.

"మంటార్పినవాడు ఇంట్లోంచి కదలకపోతేనో?"

అయినా అక్కడ కూడినవాళ్ళ చేతులన్నీ అక్క వైపే లేచాయి. జెండాలు కుట్టే పనీ ఆమెకే అప్పగించారు.

ఓడలొచ్చే ముందు రాత్రి... సణుగుడు కిరసనాయిలు సీసా చంకలో పెట్టుకుని సందులోకి వచ్చాడు. కుట్టిన జెండాల మూటని తగలబెట్టేస్తే పీడా పోతుందనుకున్నాడు.

షాపు దగ్గరికొచ్చేసరికి —

టకటకటక... టకటకటక...

తను పెంచిన దెయ్యం తననే పలకరిస్తోంది. ఛీ, అక్క కుడుతుంటుందిలే అని ధైర్యం చెప్పుకుని తలుపు తోశాడు.

చప్పుడు ఆగిపోయింది.

దీపం సన్నగా వెలుగుతోంది. మిషను మూలనుంది. అక్క ఈ పక్కన చాప మీద, జెండాల మూట తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. సణుగుడు తట్టి లేపాడు. దొంగనిద్ర చాల్లే అన్నాడు. ఆమె కళ్ళు నులుముకుని సీసా వైపు చూసింది.

"తగలెయ్యడానికొచ్చావా?"

అతను సీసాని వీపు వెనక్కి దాచుకున్నాడు. అక్క నవ్వి, ఒక జెండా తీసి అంచు మడిచి చూపించింది. పైన కొత్త దొరలది. దాని కింద, కోటుకి అస్తరు వేసినట్టు... మనది.

"పైగుడ్డకి చేత్తో కచ్చా కుట్లే వేశా. తుపాకులు చేతికి రానీ. ఒక్క దారం లాగితే ఊడి కిందపడుతుంది" అని గుసగుసగా చెప్పింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సణుగుడికి సణగడానికేమీ దొరకలేదు. ఏదీ లాగి చూపించు అన్నాడు.

అక్క దారం కొస వెతికింది... దొరకలేదు. దీపం దగ్గరికి జరిపింది. చేత్తో వేసిన పొడుగాటి కుట్లు ఒక్కటీ లేవు. చుట్టూ చీమల బారులా మిషను కుట్టు, రెండు వరసలు. ఇంకో జెండా తీసింది. అదీ అంతే. మూటంతా అంతే.

"నేను మిషను ముట్టుకోలేదురా" అంది అక్క.

సణుగుడు మిషను మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది.

బావ బతికున్నన్నాళ్ళూ కచ్చా కుట్టుతో ఉన్న గుడ్డని తెల్లారేదాకా అలా ఉంచేవాడు కాదు, రాత్రికి రాత్రే మిషను కుట్టు వేసేసేవాడు. ఎవరైనా తొందరలో దాన్నే తొడుక్కుని వెళ్ళిపోతారని భయం. వద్దన్నా వినేవాడు కాదు.

"చచ్చాకైనా నన్నొక మాట అడగొచ్చుగా" అంది అక్క.

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని బ్లేళ్ళతో విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో కుట్టూ మొండికేస్తోంది. సణుగుడు విసుగెత్తి సీసా అందుకున్నాడు... మళ్ళీ కింద పెట్టేశాడు. కాలిస్తే మనదీ కాలుతుంది. ఎగరేస్తే వాళ్ళదే ఎగురుతుంది.

రేవులో ఓడ కూత వేసింది. తలుపు మీద మెల్లగా చప్పుడు. మూట కోసం మనవాళ్ళొచ్చారు.

"జెండాలు అయినట్టేనా?" బయటినుంచి గుసగుస.

అక్క నోరు తెరవలేదు. సణుగుడూ తెరవలేదు.

జవాబు మాత్రం లోపల్నించే వెళ్ళింది — మిషను మూల నుంచి, బావ ప్రతి గిరాకీకీ చెప్పే ఆ పాత గొంతుతోనే...

"అయిపోయాయి. పట్టుకెళ్ళండి."