మోతికి పెడుతున్నదెవరు?

తెల్లవారి నల్లా నీళ్లు వచ్చేలోపే యాకమ్మ ఇంటి కుక్క మోతికి మందు గోలి వేసేది. సగం గోలిని సొరకాయ ముక్కలో గుచ్చి నోటి ముందు పెడితే, అది నమలకుండానే మింగేది. మింగి, మళ్లీ ఆమె చేతివైపే చూసేది.

"అయిపోయిందిరా. ఇగ పదిగంటలకే" అని యాకమ్మ రెండు చేతులూ తిప్పి చూపించేది. మోతి ఒక నిట్టూర్పు విడిచి, నడుము ఈడ్చుకుంటూ గడప దగ్గర కూలబడేది. అది కూర్చుంటే నూలు మూట దింపినట్టుండేది.

కాశిబుగ్గలోని ఆ మగ్గాల వాడలో మోతిని ఎరగనివాళ్లు లేరు. దానికి తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట ఒక పొద్దున, వీధి పొడుగునా చాచి కట్టిన నూలు పడుగు కిందికి దూరి, ఉన్నట్టుండి కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. నోట నురగ. దారాలన్నీ దాని కాళ్లకే చుట్టుకున్నాయి. పిచ్చికుక్క అని ఎవరో కర్ర ఎత్తితే, యాకమ్మే అడ్డం పడి, గోనెసంచిలో చుట్టి, రిక్షాలో పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ ప్రభుదాసు ఫిట్సు అని చెప్పి గోలీలు రాశాడు. "ఒక్క పూట కూడా ఆపొద్దమ్మా. ఆపితే ఈసారి ప్రాణానికే వస్తది. ఈ గోలీతో ఆకలి మాత్రం బాగా అయితది, అది చూసుకోండి" అన్నాడు.

ఫిట్సు పోయాయి. ఆకలి వచ్చి కూర్చుంది. మోతి అన్నం తినేది, అన్నం గిన్నె నాకేది, గిన్నె పెట్టిన చోట నేల నాకేది. బరువు పెరిగి కాళ్లు వంకరపోయాయి. నాలుగు అడుగులు వేస్తే రొప్పు. ఈ ఎండకాలంలో గుండె ఆగిపోవచ్చునని డాక్టర్ హెచ్చరించాడు. అప్పటినుంచి యాకమ్మ దాని తిండి గిద్దెతో కొలిచింది. పూటకు గిద్దెడన్నం, అందులోకి ఉడికించిన సొరకాయ, వెన్న తీసిన మజ్జిగ. రెండు నెలలు చెయ్యి దాటనివ్వలేదు.

అయినా మోతి లావెక్కుతూనే ఉంది. పోయినసారి చూసినప్పుడు డాక్టర్ పదిమంది ముందర అన్న మాట యాకమ్మకు ఇంకా చెవుల్లో మండుతూనే ఉంది. "మీ ప్రేమతోనే దీన్ని చంపుతున్నారమ్మా!"

ఆ పొద్దున నల్లా దగ్గర పక్కింటి పూలమ్మ బిందె కడుగుతూ ఎత్తుకుంది.

"ఏందే యాకమ్మా, మీ మోతికి గిద్దెతోని కొలిచి పెడుతున్నవట? నిన్న మా ఇంటి ముందర నిలబడి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదే!"

"దాని కండ్లు ఎప్పుడూ అట్లనే ఉంటయి. నువ్వేం పెట్టలే గద?"

"నేనేం పెట్టలే తల్లీ, నీ పంచాది నాకెందుకు? నోరులేని జీవి నోరు గట్టే పాపం నాకొద్దంటున్న, అంతే."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. యాకమ్మ నిండీ నిండని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

పదిగంటలకు భర్త సారంగపాణి మోతిని నేతగాళ్ల సొసైటీకి తీసుకుపోయాడు. అక్కడ నూలు తూచే కాంటా మీద ముందు తను ఒక్కడే నిలబడి, తర్వాత కుక్కను ఎత్తుకుని నిలబడేవాడు. తీసివేతలు గుమాస్తా కిషన్ రావు చేసేవాడు.

"ముప్పై నాలుగు కిలోలు! పదిహేను రోజుల్ల కిలో పెరిగింది. సారంగపాణీ, నీ ఇంట్ల నీకన్న నీ కుక్కనే మంచిగ తింటాందయ్యా!" అని కిషన్ రావు ఎగతాళి చేశాడు.

ఆ ఎగతాళిని సారంగపాణి ఇంటిదాకా మోసుకొచ్చాడు. "నిజం చెప్పవే. మనసాగక చాటుగ ఏమన్న పెడుతున్నవా?"

యాకమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

"పొద్దున నల్లా కాడ, ఆకలికి సంపుతున్ననన్నరు. ఇప్పుడు నువ్వు తినబెట్టి సంపుతున్ననంటున్నవ్. నేను ఏ తీరుగ సంపుతున్ననో మీరంతా కూసుండి ఒక మాట అనుకోండ్రి! అప్పుడొచ్చి నాకు జెప్పుండ్రి!"

"గంత కోపమెందుకే? ఉత్తగ అడిగిన."

"ఉత్తగ అడిగేటోళ్లే అంతా. ఒక్క పూటన్న దానికి గోలేసినవా? గోలి ఏ డబ్బల ఉంటదో ఎరుకేనా నీకు?"

సారంగపాణి మగ్గం గుంటలోకి దిగాడు. అతనికి అంతకు మించిన దాక్కునే చోటు లేదు. గదిమూల చరకా దగ్గర కండెలు చుడుతున్న అత్త సమ్మమ్మ తల ఎత్తలేదు. ఆమె కళ్లకు పొరలు వచ్చి మూడేళ్లయింది. మగ్గం మానేసింది, వంట కోడలి చేతికి పోయింది. కండెలు చుట్టడం, వాడలో పడుగుల నూలు గట్టిపడేందుకు గంజి కాయడం, ఈ రెండే ఆమెకు మిగిలాయి. గంజి పాకం మాత్రం ఆమె చెయ్యే. చూడనక్కర్లేదు, వేళ్ల మధ్య రాస్తే తెలిసేది. నాలుగైదు ఇళ్లవాళ్లు ఆమెనే పిలిచేవాళ్లు.

సాయంత్రం కొత్తవాడ నుంచి ఆడబిడ్డ మొగిలమ్మ వచ్చింది. సారంగపాణికి అక్క, సమ్మమ్మ పెద్ద కూతురు. వస్తూనే చెంగు విప్పి సర్వపిండి రొట్టె ముక్క తీసి, "రా బిడ్డా మోతీ! ఎట్లయిపోయినవురా!" అంది.

యాకమ్మ పరుగున వచ్చి ముక్క లాక్కుంది. "వద్దు వదినె. డాక్టర్ సారు పెట్టొద్దన్నడు."

"అబ్బో! డాక్టర్ చెప్పిండట! వాడంతా అనుకుంటున్నరు నీ గిద్దె సంగతి. కుక్కకు కొలతలేందే? మా అవ్వకు గూడ గట్లనే గిద్దెతోని కొలిచి పెడుతున్నవా?"

మగ్గం ఆగింది. చరకా ఒక్కటే తిరుగుతోంది.

"ఏమన్నవ్ వదినె? మళ్లా అను" అంది యాకమ్మ.

"అంటె ఏం? అవ్వ చెంపలు చూడరాదె, లోపలికి పోయినయి!"

"ఇరవై ఏండ్లాయె నేనీ ఇంటికొచ్చి. ఆమె తినకముందు నేను తిన్ననా? పోయినేడు జరమొచ్చి పండుకుంటే, ఎత్తిపోసింది ఎవరు? నువ్వొచ్చినవా? సర్వపిండి చెంగుల కట్టుకొని పండుగకొకసారి వచ్చి కుక్కను ముద్దుచేసుడు ఎవలకన్న అయితది! అత్తా, నువ్వే జెప్పు. నీకేమన్న తక్కువ చేసిన్నా?"

సమ్మమ్మ చరకా తిప్పుతూనే ఉంది. కండె నిండింది. తీసి ఇంకొకటి పెట్టింది. మళ్లీ తిప్పసాగింది.

మొగిలమ్మ "చూసినవా!" అన్నట్టు కళ్లెగరేసింది. యాకమ్మకు ఆడబిడ్డ నోటికన్నా ఆ చరకా చప్పుడే ఎక్కువ నొప్పి పెట్టింది.

మర్నాడు పొద్దున గోలి వేశాక యాకమ్మ బిందెలు భర్త ముందు పెట్టింది. "నల్లాకు నువ్వు పో. నాకు పనున్నది." సారంగపాణి ఆమె ముఖం చూసి ఎదురు చెప్పలేదు. ఆమె మోతివైపు తిరిగింది. "ఇయ్యాల నీ తోకనే పట్టుకొని తిరుగుతరా మోతీ. ఎవలు పెడుతున్నరో చూడందే నా పేరు యాకమ్మ కాదు."

ఇంతకాలమైనా ఆమెకు తెలియనిది ఆ వేళలోనే ఉంది. పడుగుకు గంజి పట్టించేది ఎండ ముదరకముందు. నల్లా వచ్చేదీ అదే వేళ. ఆ గంటసేపు ఆమె ఎప్పుడూ వాడలో ఉండేది కాదు.

ఆ రోజు వాడలో పెద్దాయన వెంకట్రాజం వాళ్ల పడుగు. వీధిలో తెల్లగా చాచి కట్టి, నలుగురు అటూ ఇటూ నడుస్తూ గంజి తడిపి కుంచెలతో దువ్వుతున్నారు. మోతి పోయి గోడ పక్కన కూర్చుంది. తోక ఊపలేదు, మూలగలేదు. జీతం రోజు వచ్చి కూర్చున్న మనిషిలా, రావలసింది వస్తుందన్న నమ్మకంతో కూర్చుంది. పని అయిపోయింది. సమ్మమ్మ గంజి గుండిగ దగ్గరికి వంగి, అడుగున మిగిలినదంతా తెడ్డుతో గీకి, మట్టి మూకుడులో పోసి మోతి ముందు పెట్టింది. మూకుడు నిండా. పైన పల్లినూనె తేలుతోంది.

"అత్తా!"

ఆ కేకకు కుంచెలు ఆగాయి. సమ్మమ్మ ఉలిక్కిపడి తెడ్డు వదిలేసింది. మోతి మాత్రం తల ఎత్తలేదు.

"రోజూ పెడుతున్నవా అత్తా ఇట్ల?"

"ఏందే? నేనేం పెట్టిన?"

"కండ్ల ముందర పెట్టి ఏం పెట్టిన్నంటవేంది!"

"గిది గంజే. నూలు గంజి. పారబోసేదే గద. తిండైతె ఒక్క ముద్ద పెట్టలే, నీ మీదొట్టు" అంది సమ్మమ్మ. ఆమె అబద్ధం చెప్పడం లేదు. అది ముఖంలోనే తెలుస్తోంది.

వెంకట్రాజం కూడా ముందుకు వచ్చాడు. "నిజమే బిడ్డా. మేమందరం రోజూ చూస్తనే ఉన్నం. సమ్మమ్మ తిండేం పెట్టలే. గంజే."

యాకమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపమే వచ్చింది.

"నూకలు ఉడకబెట్టి, పల్లినూనె పోసి, కుక్క ముందర పెట్టుకుంట తిండి పెట్టలేదంటరా మామా? నూలుకు పట్టిస్తె గంజి, కడుపుల పడితె ఏమైతది? పత్తైతదా? రెండు నెలల సంది గిద్దెలు కొలిచి కొలిచి నా చేతులు పడిపోయినయి. డాక్టర్ తోని మాట పడ్డ. మొగనితోని మాట పడ్డ. నల్లా కాడ నవ్విండ్రు. వాడంత రోజూ చూస్తాన్నరట! ఒక్కలన్న చెప్పిండ్రా?"

గంజి ఈ వాడలో పుట్టిన దగ్గరనుంచీ నూలుది. అది ఎవరి కడుపు లెక్కలోకీ ఎన్నడూ రాలేదు.

ఇంటికి వచ్చాక యాకమ్మ అత్తతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్లు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. మధ్యాహ్నం మోతి మెడకు తాడు కడుతుంటే సమ్మమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"దవాఖానకేనా? నేనొస్త."

"ఎందుకు? అక్కడ గూడ సప్పుడు చేయక కూసునేతందుకా?"

ముసలామె చెప్పులు వెతుక్కుంది.

దవాఖానలో గేదెలతో, మేకలతో వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. డాక్టర్ ప్రభుదాసు సొసైటీ కాంటా చీటీ చూసి, మోతి పక్కటెముకలు తడిమి, అవి చేతికి తగలకపోవడంతో తల అడ్డంగా ఊపాడు.

"ముప్పై నాలుగు! అమ్మా, నేను మీకు ఎన్నిసార్లు..."

"ఆమెననకు సారు" అంది సమ్మమ్మ. గొంతు పెద్దదే అయింది. గేదె దగ్గర నిలబడ్డ మనిషి కూడా ఇటు తిరిగాడు. "పెట్టింది నేను. రోజూ ఇంత మూకుడు గంజి. నా కోడలు మంచిగనే కొలిచి పెట్టింది. నేనే పాడుజేసిన."

డాక్టర్ ఆమె చేతులు చూపించిన మూకుడు కొలత చూసి కళ్లద్దాలు తీశాడు. "అవ్వా, అది రెండు పూటల అన్నమే! పైన నూనె కూడానా?" యాకమ్మవైపు తిరిగి, "పోయినసారి అన్న మాట తప్పు. ఏమనుకోకండి" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. గోలి అట్లాగే వేయాలి. అదే తిండిని నాలుగుసార్లుగా పంచాలి. ఎండ లేనప్పుడు మెల్లగా నడిపించాలి. నెలకు కిలో తగ్గితే చాలు, తొందరపడి మాడ్చకూడదు. గంజి వాసన తగిలేచోటికి పోనివ్వకూడదు.

అన్నీ విని సమ్మమ్మ అడిగింది. "మరి మోతిగాడొచ్చి నా మొఖం చూస్తే ఏం పెట్టాలె సారు?"

డాక్టర్ దగ్గర దానికి మందు లేదు.

బయట వేపచెట్టు కింద మోతి రొప్పుతుంటే ఆగారు. సమ్మమ్మ అరుగు మీద కూర్చుని, ఎవరితోనో చెప్పినట్టు చెప్పసాగింది.

"ఇంట్ల నన్నెవలు ఏమడుగుతరే? ఉప్పెంత వెయ్యాల్నో అడగరు. ఏ రంగు నూలు తేవాల్నో అడగరు. కండ్లు పోయినోళ్లను అడిగి ఏం జేస్తరు? వీడొక్కడే వచ్చి, నా మోకాలి మీద మూతి పెట్టి అడిగేది. నిన్న మొగిలి గట్లంటాంటె తప్పని ఎరుకే. కని నా దిక్కు ఒకలు మాట్లాడుతాంటె మంచిగనిపిచ్చింది. నోరు రాలే. పాడు బుద్ధి."

యాకమ్మ వెంటనే కరగలేదు. నిన్నటి చరకా చప్పుడు ఇంకా గుండెలో తిరుగుతూనే ఉంది. అయినా ఉప్పు మాట దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. అత్తకు కష్టం కలిగించకూడదని ఒక్కొక్క పనే ఆమె చేతిలోంచి తీసుకుంది. ప్రతి పని తీసుకున్నప్పుడూ తాను మంచి కోడలిననే అనుకుంది.

"వాడు అడుగుతలేడత్తా. గోలి అడుగుతాంది" అంది చివరికి, పక్కన కూర్చుని. "ఎంత పెట్టినా ఇంకా అడుగుతది. పెట్టకు. ఒట్టి చెయ్యి పెట్టి చూడు."

సమ్మమ్మ చెయ్యి చాచింది. మోతి వాసన చూసింది. వేళ్లు నాకింది. ఏమీ లేదని తెలిసినా పోలేదు. బరువైన తలను అరచేతిలో ఆనించి కళ్లు మూసుకుంది. ముసలామె కళ్లలోంచి నీళ్లు జారి దాని చెవి మీద పడ్డాయి.

సమ్మమ్మ లేచి, తాడు తన చేతికి తీసుకుంది. దవాఖాన గేటు దాటగానే ఇంటి వైపు కాకుండా అటువైపు తిరిగింది.

"అటెక్కడికత్తా?"

"కొత్తవాడకు. మొగిలికి చెప్పాలె."

"ఎండున్నది. మోతి గూడ నడవదు. రేపు పోదాం."

"నీడపట్టున ఆగుకుంట పోదాం. తక్కువ చేసిన్నా అని నువ్వు నన్ను నిన్న అడిగినవు. నేను చెప్పలే" అంది సమ్మమ్మ. "రేపటిదాక నువ్వు ఆ మాట మోసుడెందుకే బిడ్డా?"

యాకమ్మ ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు నడిరోడ్డు మీద, పోయే వచ్చే రిక్షాలవాళ్లు చూస్తుండగా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సమ్మమ్మ కోడలి ఏడుపు నెమ్మదించేదాకా, మోతి రొప్పు తగ్గేదాకా, ఆ తాడు పట్టుకుని అక్కడే నిలబడింది.