పదహారో మలుపులో లాటే

హిమజ మూడో కప్పు లాటేని నోట్లో ఎడమకీ కుడికీ తిప్పింది. పన్నెండు దాకా లెక్కపెట్టి ఉమ్మిగిన్నెలో ఊసింది. రుచి కొలిచే నాలుకపట్టీ ఆకుపచ్చగా మారింది. తేడా: సున్నా పాయింటు రెండు.

"సమరుచి నిర్ధారణ అయింది," అంది రైలుపెట్టె చివర నిలబెట్టిన కాఫీ యంత్రం, కప్పుగడి, తనను తానే మెచ్చుకుంటున్నట్టు.

ఆమె తన పలక తెరమీద వేలు ఆనించింది. పొద్దున విశాఖలో ఊసిన కప్పూ ఇదే. నిన్న బళ్ళారిలో ఊసిందీ, మొన్న నాగపూర్‌లో ఊసిందీ ఇదే. కాఫీ అంటే ప్రాణం కాబట్టే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది. దేశమంతా తిరుగుతూ ఊరికో మంచి కప్పు రుచి చూడొచ్చనుకుంది. పదకొండేళ్ళు తిరిగింది. ఊళ్ళు మారాయి గానీ కప్పు మారలేదు.

ఎదురు సీట్లో పెద్దాయన తన ఖాళీ కప్పులోకి అనుమానంగా చూసుకున్నాడు.

"అమ్మా, నువ్వు ఊసేసిందే కదా నేను మింగాను?"

"అదేనండీ."

"నీకేం తెలిసి ఊశావో ముందే చెప్పుంటే బాగుండేది."

"మేం మింగకూడదండీ. మింగితే ఇష్టపడ్డట్టు లెక్క." హిమజ మెడలో ఉన్న గొంతుకంటెని వేలితో తట్టి చూపించింది. "ఇది కనిపెట్టేస్తుంది."

పెద్దాయన నవ్వి కిటికీ వైపు తిరిగాడు. బండి సొరంగం దాటి కొండ అంచుకు వచ్చింది. కింద లోయ నిండా కాఫీ తోటలు. ఆకుమసి తెగులు సోకిన ఏడేళ్ళలో ప్రపంచంలోని తోటలన్నీ మసిబారి ఎండిపోగా మిగిలినవి మూడంటే మూడు కొండ ప్రాంతాలు. ఈ కొండలు వాటిలో ఒకటి. గింజలు తగ్గాక, ఫలానా స్టేషన్లో కప్పు బాగుంటుందని పుకారు పుట్టి ఒక్క పూటలో నలభై వేల మంది అక్కడ దిగారు. తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. ఆ తరువాతే సమరుచి చట్టం వచ్చింది. ఎక్కడ తాగినా ఒకటే అయితే ఎవరూ ఎక్కడికీ పరిగెత్తరు. ప్రయాణం టికెట్టుతో రోజుకొక కప్పు, అందరికీ ఒకే కప్పు. తప్పు పట్టడానికి ఏమీ లేని చట్టం. హిమజ కూడా ఎప్పుడూ తప్పు పట్టలేదు.

చెవిలో మురారి గొంతు పలికింది. విశాఖ పర్యవేక్షణ గదిలో కూర్చునే తటవర్తి మురారిది కోనసీమ. ఎంత గాభరాలో ఉన్నా మర్యాద తప్పడు.

"హిమజ గారండీ, పదహారో మలుపు వచ్చేస్తోందండి. కొండచరియ పడి అక్కడి కప్పుగడి పాడై రెండు నెలలైంది. తాత్కాలికంగా మనిషి పోస్తోందటండి. మనిషండి! రిపోర్టు ఇవాళే కావాలంటున్నారు పైవాళ్ళు."

"బండి ఎంతసేపు ఆగుతుంది?"

"పైనుంచి గూడ్సు దిగేదాకా. నలభై నిమిషాలనుకోండి. తేడా మూడు లోపు వస్తే కొత్త గడి పంపేస్తాం. మూడు దాటితే సీలు, అంతే."

"ఎలా చూసినా ఆ మనిషి మాత్రం ఉండదు."

"మనిషి ఉండటానికి మన పట్టికలో ఒక కాలమ్ కూడా లేదు కదండీ," అన్నాడు మురారి, అదేదో వాన సంగతి చెప్పినట్టు.

పదహారో మలుపులో ప్లాట్‌ఫారం బండికంటే పొట్టిది. చనిపోయిన కప్పుగడి పక్కకి ఒరిగి ఉంది. దాని కడుపులోంచి ఆవిరి గొట్టాన్ని బయటికి లాగి, దానికి చేత్తో తిప్పే మర బిగించారు. ఆ గొట్టం వెనక నిలబడ్డావిడకి యాభై దాటి ఉంటాయి. ముక్కుకి మూడు పుడకలు, రవాణా శాఖవారి నీలం ఏప్రాను. ఏప్రాను మీద 'వంతల సోమెలి, శుభ్రత' అని రాసి ఉంది.

ముందు దిగినవాళ్ళు అప్పటికే వరుస కట్టారు. సోమెలి ఒక్కొక్కరి మొహం చూస్తోంది, ఏదో ఒకటి అడుగుతోంది.

"కిందనుంచా, మీదనుంచా?"

"రాత్రి నిద్దరోయినారా నేదా?"

"దగ్గుతున్నారేటి? ఉండండి, మీకు ఏరేగా తీస్తాను."

హిమజ గుర్తింపు బిళ్ళ చూపించింది. సోమెలి కంగారు పడలేదు.

"తనికీ అమ్మగారా? ఎప్పుడో ఒకనాడు వొస్తారనుకున్నాను. కూకోండి."

కూర్చోకుండా హిమజ సరుకు పరీక్షించింది. కప్పుకి పద్దెనిమిది గ్రాముల గింజ, నూట అరవై మిల్లీలీటర్ల కర్మాగారపు తొట్టిపాలు. దేశంలో ప్రతి కప్పుకీ ఎంతో ఇక్కడా అంతే. కలిపిందేమీ లేదు, దాచిందేమీ లేదు.

"పొద్దున ఏటైనా తిన్నారా?" అని అడిగింది సోమెలి.

"అది మీకెందుకు?"

"నాకు కాదమ్మా, కప్పుకి గావాల."

"తినలేదు. మూడు కప్పులు రుచి చూశాను."

"తాగీసారా?"

"ఊసేశాను."

సోమెలి ఆమెను జాలిగా చూసింది. "మూడు ఊసీసి ఖాళీ కడుపుతో కొండెక్కినారు. సరే, ఉండండి."

మర సగమే తిప్పింది. ఆవిరి బుసకొట్టకుండా సన్నగా వచ్చింది. పాల చెంబుని అరచేత్తో పట్టుకుని, కళ్ళు మరెక్కడో పెట్టి నిలబడింది. వేడి చాలని చెయ్యి చెప్పగానే చెంబు కిందికి దించింది. డికాక్షన్ని మాత్రం తొందరపెట్టలేదు. బొట్టు బొట్టుగా చిక్కగా దిగనిచ్చి, పాలు అంచునుంచి వంచింది. నురుగు పట్టుగుడ్డలా కప్పు మీద పరుచుకుంది.

హిమజ గుక్క తీసుకుని ఎడమకి తిప్పింది. ఒకటి. రెండు. మొదట కమలాతొక్క చేదు తగిలింది. మూడు. దాని వెనకే వేయించిన వేరుశనగ పొట్టు వాసన. కుడికి తిప్పింది. నాలుగు. పాలు తియ్యగా ఉన్నాయి. తొట్టిపాలు తియ్యగా ఉండటమేమిటి? అయిదు...

ఆరు లేదు. గొంతులోకి వెచ్చగా ఏదో దిగిపోయింది. మెడలో గొంతుకంటె గడగడ వణికింది.

"ఏవండీ!" మురారి కేక పెట్టాడు. "మింగారా?"

"పొరపాటు."

"పదకొండేళ్ళ సర్వీసండి మీది!"

"పొరపాటున జరిగిందండీ, మురారి గారూ."

"పొరపాట్లు నాకూ తెలుసండి. కానీ కంటె ఇంకా మింగుతున్నట్టే చూపిస్తోందేమిటండి?"

హిమజ ఖాళీ కప్పుని కింద పెట్టింది. నాలుకపట్టీ ఎర్రగా మారింది. తేడా: మీదికి నాలుగు. ఇదొక్కటే లెక్కలోకి వస్తే ఈ చోటు మధ్యాహ్నానికల్లా సీలు.

"మింగితే రెండో కప్పు తియ్యాలండి, రెంటికీ సగటు కట్టాలి. నిబంధన అది," అన్నాడు మురారి. "ఈసారి దయచేసి ఊయండి."

సోమెలి రెండో కప్పు చేసింది. ఈసారి మర పూర్తిగా తిప్పింది, డికాక్షన్ని తొందరగా దించేసింది. హిమజ పన్నెండు లెక్కపెట్టి, బలవంతాన ఊసింది. పట్టీ ఎర్రగానే వచ్చింది గానీ అంకె తిరగబడింది. తేడా: కిందికి నాలుగు.

చెవిలో చప్పట్లు వినిపించాయి. "సగటు సున్నా! సున్నా అండి! కొత్త గడి వచ్చేస్తుంది. మీ మింగుడు కూడా అందులోనే కొట్టుకుపోతుంది. సంతకం పెట్టేసి బండెక్కేయండి."

"రెండు కప్పుల్లో ఏదీ సున్నా కాదండీ."

"సగటు సున్నా కదండీ."

"సగటుని ఎవరు తాగుతారు మురారి గారూ?"

హిమజ సోమెలి వైపు తిరిగింది. "గింజ అదే, పాలు అవే. రెండోది ఎందుకు మార్చారు?"

"ఇందాకటి మనిసివి కావు గదా నువ్వు. కడుపులో ఒకటి పడ్డాది. మల్లీ అంత సిక్కగా పోస్తే గుండె దడదడలాడీదు?"

"ఇది ఎవరు నేర్పారు?"

"ఎవులు నేర్పుతారు? తొమ్మిదేళ్ళు ఈ మిషనీ కప్పులు కడిగినాను." సోమెలి తడి చెయ్యి ఏప్రానుకి తుడుచుకుంది. "మిషనీది ఒకటే పోత. తాగినోళ్ళు ఒకటి కాదు. కింద ఎండలోంచి వొచ్చినోడు సగం వొదిలీసీవోడు. మీద సలిలోంచి దిగినోడు అడుగు నాకీసి ఇంకా సూసీవోడు. ఎవుల కప్పులో ఎంత మిగిలిందో నాకు తప్ప ఎవులికి తెలుసు? మీ లెక్కలో పోసింది ఉంటాది. మిగిలింది ఉండదు."

పదకొండేళ్ళలో హిమజ కొలిచిందంతా పోసిన కప్పే. తాగాక తిరిగొచ్చిన కప్పుని ఒక్కసారైనా వంచి చూడలేదు.

"ఇప్పుడు ఎంత మిగులుతోంది?"

సోమెలి కాలితో కుళాయి కింద బకెట్టుని ముందుకు తోసింది. పొద్దున్నుంచీ కడిగిన కప్పుల్లో మిగిలిన కాఫీ అందులో అడుగు కూడా తడపలేదు.

ప్రపంచంలో మూడు కొండలే మిగిలాయని గింజ గింజా లెక్కపెట్టిన చట్టం, ప్రతి స్టేషన్లోనూ సగం కప్పుల్ని కాలవలో పోస్తోంది.

"సీలేసీసినా నాకేటమ్మా, తోటలో పనికెల్తాను," అంది సోమెలి, గొట్టం తుడుస్తూ. తరువాత కాస్త మెల్లగా అంది. "కాని ఇప్పుడు సేతికి తెలిసిపోనాది. తెలిసినాక ఊరికే ఉండమంటే ఎలా ఉంటాది సెయ్యి?"

పైనుంచి గూడ్సు కూత వినబడింది. ఇంకో పది నిమిషాల్లో బండి కదులుతుంది.

హిమజ తన పలక తీసింది. తెరమీద రెండు ఎంపికలు వెలుగుతున్నాయి. సీలు, గడి మంజూరు. ఆమె వాటి కిందికి జరిపింది. అడుగున బూడిదరంగులో మూడోది కనిపించింది. మూలకప్పు ప్రతిపాదన. హిమజలాంటి ఏ రుచిదారైనా తన సర్వీసు మొత్తంలో ఒక్కసారి, ఇకమీద దేశమంతా ఈ కప్పునే నమూనాగా తీసుకోవాలని చెప్పవచ్చు. చెప్పిన క్షణం నుంచి ఆ మనిషి రుచిదారు కాదు. ఇష్టం బయటపెట్టిన నాలుక కొలతకు పనికిరాదు. అందుకే ఇంతవరకూ ఎవరూ దాన్ని నొక్కలేదు.

"అది వద్దండి," అన్నాడు మురారి. అతని తెరమీద కూడా ఆమె వేలు కనిపిస్తోంది. "ఉద్యోగం పోతుందండి. ఇంకెక్కడా కప్పు ముట్టనివ్వరు మిమ్మల్ని. ఒక్క కప్పు కోసమా?"

"రెండు."

ఆమె రెండు పట్టీలనూ పలక మీద పక్కపక్కన పెట్టింది. పలక ఒప్పుకోలేదు. మూలకప్పు ఒకటే ఉండాలి. రెంటి మధ్య తేడా: ఎనిమిది. కారణం తెలపండి.

హిమజ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నిన్నటిదాకా తనకున్నదల్లా ఈ ఉద్యోగమే. అయినా ఈ ఉద్యోగంలో తను వెతికింది దొరికాక కూడా ఊసేసి బండెక్కాలంటే, ఇక వెతకడం దేనికి?

'తాగేవాళ్ళు వేరు' అని రాసి, నొక్కింది.

మెడలో టక్కుమని శబ్దమైంది. గొంతుకంటె తాళం ఊడి ఆమె చేతిలో పడింది. ఆ వెంటనే బండిలోపలి కప్పుగడి వాక్యం మధ్యలో ఆగిపోయింది. చెవిలో మురారి వెనక ఎవరెవరో అరుస్తున్నారు, కుర్చీలు జరుగుతున్నాయి.

"హిమజ గారండీ, విశాఖలో గడులన్నీ ఆగిపోయాయండి. బళ్ళారిలోనూ అంతే. 'మూలం కోసం వేచి ఉన్నాము' అని చూపిస్తున్నాయి. వాటికి రెండు మూలాలుంటే ఏం చేయాలో తెలీదండి."

"ఎప్పటిదాకా?"

"సమీక్ష సంఘం కూర్చోవాలి, తేల్చాలి. వారం పట్టొచ్చు, నెలా పట్టొచ్చు. అందాకా..." కాగితాలు తిప్పిన చప్పుడు. "అందాకా మనుషులు పోయవచ్చునని చట్టంలోనే ఉందండి. చివరి పేజీలో. ఎవడు చదివాడు గనక!" అతను గొంతు తగ్గించాడు. "పైవాళ్ళు నా గది వైపే వస్తున్నారు. ఇంతలో ఒక్క మాట చెప్పండి. ఎలా ఉందండీ అది?"

"మధ్యాహ్నం బండికి రండి. ముందు ఏమన్నా తిని రండి."

బండిలో కాఫీ ఆగిపోయిందని తెలిసి జనం దిగడం మొదలుపెట్టారు. ప్లాట్‌ఫారం నిండిపోయింది. ఎవరూ తోసుకోలేదు. తోసుకోవడానికి స్థలం లేదు కూడా. పట్టాల పనివాళ్ళు అయిదారుగురు సొరంగంలోంచి నడుచుకుంటూ వచ్చి వరుసలో చేరారు.

"ఓలప్పా, అలా సూస్తావేటి?" సోమెలి రెండో చెంబుని హిమజ చేతుల్లోకి తోసింది. "బేగి పాలు అందుకో. నాకు రెండు సేతులే ఉన్నాయి."

"నాకు రుచి చూడటమే వచ్చు. చేయడం రాదు."

"రాకపోతే పాడవుద్ది. పాడయితే మల్లీ సేస్తావు."

గూడ్సు ఎర్రమట్టి దుమ్ము రేపుకుంటూ దిగిపోయింది. హిమజ ఎక్కవలసిన బండి కూతపెట్టి, రెండుసార్లు ఆగి చూసి, ఎక్కినవాళ్ళతో కదిలింది. ఆమె మర తిప్పుతూ ఉండిపోయింది.

ఆమె మొదటి కప్పు పసుపు హెల్మెట్టు పెట్టుకున్న పట్టాల మేస్త్రీకి దక్కింది. అతను ఊదుకుని ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"పాలు మాడ్చేసినారు మేడమ్," అన్నాడు.

సోమెలి ఫక్కున నవ్వింది. పదకొండేళ్ళలో, ఇన్ని వేల కప్పుల మధ్య, ఒక మనిషి నోటినుంచి హిమజ సూటిగా విన్న మొదటి ఫిర్యాదు అది. చెవుల్లో హాయిగా మోగింది.

"ఇలా ఇవ్వండి," అని కప్పు వెనక్కి తీసుకుంది. "మీకెలా ఉండాలి?"

మేస్త్రీ చెప్పబోయి ఆగాడు. హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గట్టిగా ఆలోచిస్తున్నాడు. అతని వెనక వరుసలో ఉన్నవాళ్ళు కూడా, ఒకరి తరువాత ఒకరు, ఆలోచించడం మొదలుపెట్టారు.