దొరబాబుకి ఏమైందంటే

"ఏమైందండీ వీడికి?" అని అడిగాడు పశువుల ఆస్పత్రిలో కుర్ర డాక్టర్.

పిచ్చుక నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. బుట్టలో ఉన్న పిల్లి వంక చూసింది. పిల్లి మాత్రం నాకేం సంబంధం అన్నట్టు గోడ వంక చూస్తోంది.

పిచ్చుక అన్నది ఆ అమ్మాయికి బావ పెట్టిన పేరు. డిగ్రీ అయిపోయి, పరదాలు కుట్టే షాపులో పనిచేస్తున్నా, నలుగురిలో ఆమె గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడదు. అక్కా బావల ఇంట్లో ఉంటోంది. ఆ బుట్టలో ఉన్నవాడు దొరబాబు. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి మీసాలు. వాడికి ఏమైందో ఆమెకి బాగా తెలుసు. కానీ ఆ సంగతి ఒక మగవాడి ముందు, అదీ కళ్ళలోకి చూసి మాట్లాడే మగవాడి ముందు ఎలా చెప్పడం?

"బ్లాంకెట్... కొరుకుతున్నాడు."

"కొరుకుతున్నాడా? దానికి మీకెందుకండీ ఇంత చెమట?"

"నాకేం చెమట పట్టలేదు."

"సరే అయితే, నాకే పట్టింది." అతను నవ్వి దొరబాబు చెవులు, పళ్ళు చూశాడు. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా?"

"పిల్లగా ఉన్నప్పుడే అయింది."

"ఇంకేమైనా చేస్తున్నాడా?"

"లేదు."

అంత తొందరగా ఎవరూ లేదు అనరు. అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఏదో అడగబోయి, పెన్ను మూత తిప్పుతూ ఉండిపోయాడు. బ్లాంకెట్ అందకుండా పెట్టమని, కొరకడానికి ఇంకేదైనా ఇవ్వమని చెప్పి పంపించాడు.

పిచ్చుక బుట్ట పట్టుకుని బయటికొచ్చింది. కొరుకుతున్నాడన్నది అబద్ధం కాదు. కానీ నిజంలో అది సగమే.

అక్కకి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ కోసం కొత్త తొట్టి వచ్చింది, మంచం గోడ వైపుకి జరిగింది, మెత్తటి చిన్న దుప్పట్లు ఉతికి ఆరేశారు. అప్పటినుంచీ మొదలైంది. దొరబాబు ఆ దుప్పటిని ఒక మూల పళ్ళతో గట్టిగా పట్టుకుని, దాని మీదికెక్కి, గొంతులోంచి వింతగా మూలుగుతూ నడుం ఊపేవాడు. మొదటిసారి చూసి అక్క నవ్వింది. బావ నవ్వలేదు.

"రేపు బిడ్డ మెడ కూడా ఇలాగే పట్టుకుంటే?"

ఆ మాటతో ఇంట్లోకి భయం వచ్చి కూర్చుంది. అక్క నవ్వు ఆగిపోయింది. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

"ఆపరేషన్ అయిన పిల్లి ఇలా చేస్తుందా ఎక్కడైనా? వీడికి పిచ్చి పట్టింది. నయమైతే సరే, లేకపోతే మా గోడౌన్‌లో వదిలేస్తా. ఎలుకలు బోలెడున్నాయి" అన్నాడు బావ.

గోడౌన్ అంటే లారీలు, గేటు దగ్గర కుక్కల గుంపు. సోఫా దిగి నేల మీద నడవడానికే బద్ధకించే దొరబాబు అక్కడ పట్టుమని ఒక పూట బతకడని పిచ్చుకకి తెలుసు.

బావ మొక్కలకి నీళ్ళు కొట్టే స్ప్రే సీసా చేతికందేలా పెట్టుకున్నాడు. దొరబాబు గుడ్డ దగ్గరికి వస్తే చాలు, పుస్సుమని మొహం మీద కొట్టేవాడు. అప్పటికీ వినకపోతే బాత్రూంలో పెట్టి గడియ వేసేవాడు. బయటికొచ్చాక దొరబాబు మంచం కిందికి దూరేవాడు. కానీ గుడ్డ దాచేస్తే దిండు పట్టుకున్నాడు. దిండు దాచేస్తే బావ స్వెట్టర్ పట్టుకున్నాడు.

రెండోసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కుర్ర డాక్టర్ ఆమెని చూడగానే నవ్వాడు.

"మళ్ళీ బ్లాంకెట్టేనా?"

"ఈసారి స్వెట్టర్."

"ఇంట్లో గుడ్డలన్నీ అయిపోయేదాకా ఆగడా ఏంటి?"

భయంలోనే నవ్వొచ్చింది పిచ్చుకకి. ఈసారైనా చెప్పేయాలని దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. అతను ఎదురుగా నిలబడేసరికి అన్నీ ఎటో పోయాయి.

వెళ్దామనేసరికి వాన పట్టుకుంది. ఆమె బుట్టని గుండెకి హత్తుకుని వరండాలో నిలబడింది. అతను కూడా వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు. జల్లు అతని చొక్కా చేతుల్ని తడిపేస్తోంది. లోపలికి జరగడం లేదు.

"తడుస్తున్నారు" అంది పిచ్చుక.

"ఆహా, మీరు మాట్లాడతారన్నమాట."

ఆమె తల దించుకుంది. అతను కంగారుపడ్డాడు. "సారీ. ఊరికే అన్నాను. ఇదిగోండి, నా నంబర్. కొరకడం కాకుండా ఇంకేదైనా... ఏదైనా సరే, చెప్పాలనిపిస్తే ఫోన్ చేయండి."

ఆ మాట దొరబాబు గురించేనా అన్న అనుమానం ఇల్లు చేరేదాకా ఆమెని వదల్లేదు. గుండె దడదడలాడింది. అందులో సగం గోడౌన్ భయం, మిగతా సగం ఏమిటో ఆమెకే తెలియలేదు.

తరవాత ఒక రోజు పొద్దున్న దొరబాబు, మూత్రానికి పెట్టిన ఇసుక ట్రేలో చాలాసేపు కూర్చున్నాడు. బాత్రూంలో పెట్టినందుకు అలిగాడనుకుని పిచ్చుక షాపుకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఒసేయ్, వీడు ట్రేలోంచి లేవట్లేదే. లేస్తాడు, మళ్ళీ వెళ్ళి కూర్చుంటాడు, ఏడుస్తాడు. ఇందాక వాంతి కూడా చేసుకున్నాడు. మీ బావ భోజనానికొచ్చి చూశారు. ఇంక చాలు, ఇప్పుడే తీసుకుపోతానని అట్టపెట్టె వెతుకుతున్నారు."

"ట్రేలో ఇసుక తడిసిందా అక్కా?"

"లేదే. పొద్దున్న నువ్వు పోసింది పోసినట్టే ఉంది."

పిచ్చుక ఫోన్ పెట్టేసింది. డాక్టర్ నంబర్ నొక్కింది. చుట్టూ మిషన్లు గడగడలాడుతున్నాయి. కిటికీ పరదాల కోసం వచ్చినవాళ్ళు గుడ్డలు చూసుకుంటున్నారు.

దొరబాబు పేరు వినగానే, "ఈసారి దిండా?" అన్నాడతను ఉత్సాహంగా.

ఆమె చెప్పింది. అతనికి వినపడలేదు. మళ్ళీ చెప్పింది.

"గట్టిగా చెప్పండి. ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

పిచ్చుక కళ్ళు మూసుకుంది.

"డాక్టర్‌గారూ, మీ దగ్గర నేను నిజం దాచాను. దొరబాబు ఊరికే కొరకడం లేదు. గుడ్డని పళ్ళతో పట్టుకుని దాని మీదికెక్కుతున్నాడు. మగపిల్లి ఆడపిల్లి మీదికి ఎక్కినట్టు. రోజూ చేస్తున్నాడు. మేము నీళ్ళు కొట్టాం, బాత్రూంలో పెట్టాం. ఇప్పుడు ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క మూత్రం రావడం లేదు."

ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. గుడ్డ చూస్తున్నావిడ చేతిలో కొస అలాగే ఉండిపోయింది.

ఫోన్‌లో అతని గొంతు మారిపోయింది. "ఉన్నపళంగా తీసుకురండి. పొట్ట నొక్కకండి. మగపిల్లికి మూత్రం ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. నేను అంతా సిద్ధం చేసి ఉంచుతాను."

పిచ్చుక కళ్ళు తెరిచింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. షాపు యజమానురాలు కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఏంటే ఇంకా నిలబడ్డావ్? పరిగెత్తు. ఆ అంచు నేను కుడతాలే."

ఇంటి గుమ్మంలోనే బావ ఎదురయ్యాడు, చేతిలో దొరబాబుని పెట్టిన అట్టపెట్టెతో.

"ఆస్పత్రికి పోనివ్వండి బావా."

"ఎన్నిసార్లని తిప్పుతావ్? నేను చెప్పానుగా, గోడౌన్..."

"చచ్చిపోతాడు బావా. బండి తీయండి."

ఆమె ఎప్పుడూ అతని మాటకి అడ్డు చెప్పి ఎరగదు. బావ ఆమె మొహం చూశాడు, పెట్టెలోకి చూశాడు. దొరబాబు నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. బావ బండి తాళం చెవి అందుకున్నాడు.

డాక్టర్ పెట్టె అందుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. లోపలినుంచి ఒక్క అరుపు వినపడింది, ఆ తరవాత ఏమీ లేదు. అరుపు కన్నా ఆ నిశ్శబ్దమే పిచ్చుకని ఎక్కువ భయపెట్టింది. తను ఒక్క మాట ముందు చెప్పి ఉంటే అన్న ఆలోచన ఆమెని వదలడం లేదు.

"నేను నీళ్ళు కొట్టబట్టేనంటావా?" అన్నాడు బావ నేల చూస్తూ.

"తెలీదు బావా."

"బిడ్డకేమైనా చేస్తాడేమోనని భయమేసిందే. అంతేగానీ వాడి మీద నాకేం పగ?"

చాలాసేపటికి డాక్టర్ బయటికొచ్చాడు. నుదురంతా తడిసిపోయింది.

"ట్యూబ్ వేసి మూత్రం తీశాం. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి. కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. గండం పూర్తిగా గడిచిందని ఇప్పుడే అనను."

బావ లేచి నిలబడ్డాడు. "డాక్టర్‌గారూ, అసలు వాడు ఆ పని ఎందుకు చేస్తున్నాడండీ? పిచ్చా?"

"కాదండీ, కంగారు. ఇంట్లో ఏమైనా మారాయా?"

"తొట్టి వచ్చింది. మంచం జరిపాం. అందరం బిడ్డ గొడవలో ఉన్నాం, వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు."

"అదే. ఆపరేషన్ అయిన పిల్లులు కూడా బెదిరితే అలా చేస్తాయి. కొన్నింటికి అది మనసు కుదుటపడే దారి. మూత్రంలో మంట ఉన్నా చేస్తాయి. మీరు తిడితే, నీళ్ళు కొడితే ఇంకా బెదురుతాడు, ఇంకా ఎక్కువ చేస్తాడు."

"మరి చూస్తూ ఊరుకోవాలా?"

"ఊరుకోనక్కర్లేదు. మొదలుపెట్టబోతున్నాడనగానే ఏదైనా దొర్లించి అటు పరిగెత్తించండి. రోజూ ఒకే వేళకి కాసేపు ఆడించండి. ఎత్తులో వాడికంటూ ఒక చోటివ్వండి. బిడ్డ గుడ్డలు అల్మరాలో పెట్టండి. బిడ్డ పక్కన మాత్రం పెద్దవాళ్ళు లేకుండా వాణ్ణి వదలకండి. ఎంత మంచి పిల్లైనా అంతే."

"కంగారు అన్నమాట" అన్నాడు బావ నెమ్మదిగా. "మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే." తరవాత మరదలి వైపు తిరిగాడు. "హాల్లో అటక కింద చెక్క కొట్టిస్తాను వాడికి. గోడౌన్ మాట మాత్రం మీ అక్క దగ్గర ఎత్తకు, చంపేస్తుంది." అక్కకి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు.

ఇద్దరే మిగిలారు.

"నేను ముందే చెప్పాల్సింది" అంది పిచ్చుక.

"నేను ముందే అడగాల్సింది. అందరినీ అడిగే ప్రశ్నే అది. మీ మొహం చూశాక నోరు రాలేదు."

"డాక్టర్లకి కూడా సిగ్గుంటుందా?"

"మిగతావాళ్ళ దగ్గర లేదు."

 అతను బల్ల మీది దూదిని తుంపులు తుంపులు చేస్తున్నాడు.

"ఇంకో సంగతి... దొరబాబు ఇంటికొచ్చేశాక కూడా... అంటే, చెకప్‌కి కాదు..." ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆరిపోయిన ఆ పెదాలు, నిలకడ లేని ఆ చేతులు పిచ్చుకకి బాగా తెలిసినవే. తనొక్కదానికే ఉంటుందనుకున్న భయం ఎదుటి మనిషిలో కనపడేసరికి, మొదటిసారి ఆమెకి అతనంటే భయం పోయింది.

"మొదటి మాట చెప్పేయండి" అంది మెల్లగా. "మిగతావి వాటంతటవే వస్తాయి."

"మీరంటే నాకు ఇష్టం."

"మిగతావి?"

"రావట్లేదు."

ఆమె నవ్వింది. కళ్ళలో ఇంకా నీళ్ళున్నాయి. "పర్లేదు. నాది కూడా ఆ ఒక్క మాటే."

లోపల, మత్తు వదులుతున్న దొరబాబు సన్నగా అరిచాడు. ఇద్దరూ ఒకేసారి గబుక్కున అటు కదిలారు. తలుపు తీసేటప్పుడు ఎవరి చెయ్యి ముందుగా ఎవరి చేతిని పట్టుకుందో, ఆ తరవాత ఎప్పుడు వాదించుకున్నా తేల్లేదు.